నళినికి అమ్మవారు వచ్చిన రోజులు

హలో... హలో, వినబడుతోందా? ఆ, నమస్కారం అండీ అందరికీ. బాగున్నారా, తిన్నారా? చేతిలో పనుంటే ఆపకండి. ఫోను గట్టు మీద ఆనించి పెట్టుకుని, అంట్లు తోముకుంటూనే వినండి. నేను చెప్పబోయేది కూడా చేతిలో పని దించడం తెలియని మనిషి గురించే. పేరు నళిని. ఉండేది మన బెంగళూరులోనే, బొమ్మనహళ్ళిలో, గార్మెంట్స్ ఫ్యాక్టరీల వెనక సందుల్లో ఒకదాంట్లో.

ఆ పొద్దున నళిని పొయ్యి ముందు నిలబడి సంగటి కెలుకుతోంది. అత్త పిల్లమ్మకు షుగరు, అన్నం పడదు, మధ్యాహ్నానికి రాగిసంగటే కావాలి. మొగుడు నాగరాజ్‌కు చిత్రాన్నం. కూతురికి చపాతీలు. ఉడికిన రాగిపిండి తెడ్డును పట్టుకుంటే వదలదు, భుజంలోంచి బలం తీసి తిప్పాలి. సగం కెలికేసరికి ఆమె ఎడమచేతి వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఎవరో తరుముతున్నట్టు గుండె కొట్టుకుంది. తెడ్డు జారింది. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని నిలబడింది. అది తగ్గుతుందని ఆమెకు తెలుసు. కొన్ని నెలలుగా వస్తోంది, పోతోంది, చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టంలాగా. తగ్గగానే మళ్ళీ తెడ్డు అందుకుంది.

పిల్లమ్మ వచ్చి ముద్దను వేలితో నొక్కి చూసింది.

"గడ్డలు కట్టిండాది. మనసు యాడ పెట్టుకోని కెలికితివే?"

అది తిట్టే, ప్రశ్న కాదు. అయినా నళినికి అది ప్రశ్నలాగే తగిలింది. నిజమే, మనసు ఎక్కడుంది? కొళాయిలో కావేరి నీళ్ళు ఇవాళ వస్తాయో రావో, తాను బస్సెక్కేలోపు వస్తాయో, డ్రమ్ములు నిండకపోతే సాయంత్రం అత్త మొహం ఎలా ఉంటుందో, అక్కడ కొంచెం ఉంది. వానకు ఆరని కూతురి యూనిఫారం దగ్గర కొంచెం ఉంది. నిన్న నాగరాజ్ పళ్ళెం పక్కకు తోసి "ఈ ఇంట్లో ఉప్పు ఎవురు చూస్తారు?" అన్నాడే, ఆ మాట దగ్గర కొంచెం ఉంది. మిగిలినదంతా ఫ్యాక్టరీలో బోర్డు మీద ఉంది. ఏ లైను ఎన్ని చొక్కాలు దించిందో గంట గంటకీ ఆ బోర్డు మీద రాస్తారు. నళినిది కాలరు పని. ఆమె చెయ్యి ఆగితే వెనక లైనంతా ఆగుతుంది. ఇన్నిచోట్ల మనసు పెట్టుకున్న మనిషి తన ఒంటి దగ్గర మాత్రం ఎప్పుడూ పెట్టుకోలేదు. ఒళ్ళు దానంతటది నడిచేదే కదా అనుకుంది. ఇంట్లో అందరూ అలాగే అనుకున్నారు.

ఆ రోజే మధ్యాహ్నం ఒళ్ళు నడవడం మానేసింది.

ఫ్యాక్టరీలో ఆమె నీళ్ళు తాగదు. తాగితే బాత్రూముకు వెళ్ళాలి, వెళ్ళాలంటే సూపర్‌వైజర్ నవీన్‌ను అడగాలి, అడిగితే అతను గోడ గడియారం చూసి ఒక నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వుకు భయపడి లైన్లో సగంమంది ఆడవాళ్ళు దాహాన్ని చంపుకుంటారు. ఆ మధ్యాహ్నం నవీన్ వెనక నిలబడి, "ఏనమ్మా, కైయల్లి శక్తి ఇల్వా?" అని అరిచాడు, చేతుల్లో బలం లేదా అని. అవును, లేదు. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి కొంకర్లు తిరిగాయి. ఎంత పీల్చినా ఊపిరి గొంతు దాటి లోపలికి దిగలేదు. చచ్చిపోతున్నాను, కాలర్లు ఇంకా ఎన్నో ఉన్నాయి, అనుకుంది. చూడండి, ఆ క్షణంలో కూడా రెండూ కలిపే అనుకుంది.

పక్క మిషను మీద గంగరత్న కూర్చుంటుంది. హిందూపురం వైపు మనిషి, నవ్వకుండా మాట్లాడటం చేతకాదు. ఆమె మిషను వదిలేసి వచ్చి నళిని చెంపలు పట్టుకుంది.

"అక్కా, ఇట్ల చూడు. నన్ను చూడు. ఊపిరి మెల్లగ తీసుకో. వాన్ని చూడొద్దు, వాని మొగము చూస్తే ఉండే ఊపిరి గూడా పోతాది."

నవీన్ తిడుతూనే ఉన్నాడు. గంగరత్న వినిపించుకోకుండా రోడ్డుకు అవతల ఉన్న క్లినిక్‌కు తీసుకుపోయింది. డాక్టరు తెలుగు తెలిసిన ఆడమనిషే. బీపీ చూసింది, మళ్ళీ చూసింది. రాత్రి ఎంతసేపు పడుకుంటావని అడిగింది. నళిని ఆలోచించి, "పడుకుంటాను మేడం, నిద్ర మాత్రం రాదు" అంది. గుండె జబ్బేమీ కాదనీ, ఏళ్ళ తరబడి టెన్షన్ పోగుపడితే ఒళ్ళు ఇలాగే తిరగబడుతుందనీ, ఊపిరి పట్టేయడం, చేతులు కొంకర్లు పోవడం దానివల్లేననీ డాక్టరు చెప్పింది. బీపీ మాత్రం చాలా ఎక్కువగా ఉంది, మాత్ర రోజూ వేసుకోవాలి, ఒక్కరోజు కూడా మానకూడదు, విశ్రాంతి కావాలి అంది.

"నాకూ ఒక తూరి చూడండి మేడం, ఎట్లాగూ వచ్చినాం గదా" అని గంగరత్న చెయ్యి చాపింది. చూసి డాక్టరు మొహం మారింది. ఈమెది ఇంకా ఎక్కువ. మీ ఇంటాయన్ని పిలుచుకుని రా, పరీక్షలు చేయించాలి, తేలిగ్గా తీసుకోవద్దు అంది.

బయటికి రాగానే గంగరత్న పడీ పడీ నవ్వింది.

"విశ్రాంతి అంట! అది ఏ అంగట్లో దొరుకుతాదో అడిగింటే బాగుండు గదక్కా. మడివాళ మార్కెట్లో ఉండాదేమో, ఆదివారం పోయి చూద్దామా?"

నళిని కూడా నవ్వింది.

ఇంట్లో చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేదనిపించేలా విన్నారు. నాగరాజ్ ఒక కంపెనీకి క్యాబు తోలుతాడు.

"టెన్షనా? నీకా? సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో పొద్దున్నించి చచ్చేది నేను. టెన్షన్ వస్తే నాకు రావాల. నువ్వు ఫ్యాను కింద కూచోని కుట్టేదే కదా."

పిల్లమ్మ తమలపాకుకు సున్నం రాసుకుంటూ అంది. "మా కాలంలో ఇట్లాటి పేర్లే లేవప్పా. బిడ్డల్ని కంటిమి, చేను చేస్తిమి, అత్త చేతి దెబ్బలు తింటిమి. పురసొత్తు ఎక్కువైతే ఒళ్ళు పేర్లు పెట్టుకుంటాది."

నళిని మాత్రలు బియ్యం డబ్బా వెనక పెట్టుకుని, ఎవరూ చూడకుండా వేసుకోవడం మొదలుపెట్టింది. తప్పు చేస్తున్నట్టు, గబుక్కున మింగేది. అయినా వారం తిరిగేసరికి తల వెనక నొప్పి కాస్త తగ్గింది.

అంతలో ఊరబ్బ, ఊరి జాతర, వచ్చింది. ఆ పండగనాడు వీధిలో ప్రతి ఇంటి కోడలూ తంబిట్టు దీపాలు ఎత్తుకోవాలి. బియ్యప్పిండి, బెల్లం కలిపిన ముద్దల్లో నెయ్యివత్తులు వెలిగించి, పళ్ళెంలో పేర్చి, నెత్తిన పెట్టుకుని వీధి చివర మారమ్మ గుడి దాకా నడవాలి. ఎత్తుకునేవాళ్ళు పొద్దున్నించీ పచ్చి గంగ ముట్టకూడదు. నళిని ముందురోజు ఓవర్‌టైము చేసి వచ్చి, ఇల్లు కడిగి, చుట్టాలకు వండి, పండగనాడు మంచినీళ్ళు కూడా లేకుండా ఎండలో పళ్ళెం ఎత్తుకుంది. కడుపులో ఏమీ పడకూడదు కాబట్టి మాత్ర కూడా పడలేదు. తమటె డప్పులు చెవుల పక్కనే మోగుతున్నాయి. సాంబ్రాణి పొగ. గుడి ముందుకు వచ్చేసరికి గుండె పరుగెత్తడం మొదలైంది. వేళ్ళు ముడుచుకున్నాయి. ఎవరో పళ్ళెం అందుకున్నారు. ఊపిరి ఆడటం లేదని చెప్పబోయింది. నోట్లోంచి రొప్పు తప్ప మాట రాలేదు. ఒళ్ళంతా ఊగిపోతూ మోకాళ్ళ మీద పడింది.

"అమ్మొచ్చింది!" అని అరిచాడు పూజారి చెన్నయ్య. "జరగండి, జరగండప్పా! నళినికి అమ్మొచ్చింది!"

తమటెలు ఇంకా గట్టిగా మోగాయి. పిల్లమ్మ జనాన్ని తోసుకుని వచ్చి కోడలి కాళ్ళ మీద పడింది. "తల్లీ, ఏమన్నా తప్పు జరిగింటే మన్నించు తల్లీ!"

కళ్ళు తెరిచేసరికి నళిని తల ఎవరి ఒడిలోనో ఉంది. ఒకామె విసురుతోంది. ఒకామె పసుపునీళ్ళతో కాళ్ళు కడుగుతోంది. నాగరాజ్ ఎళనీరు, లేత కొబ్బరిబోండం, చేత్తో పట్టుకుని వంగి, "ఏం కావాల తల్లీ, ఇంకేమన్నా కావాల్నా?" అంటున్నాడు. ఆ 'తల్లీ' వినగానే ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ అమ్మవారివే అనుకున్నారు. ఫ్యాక్టరీలో పడిపోయినప్పుడు లైను ఆగినందుకు తిట్లు తిన్నది ఇదే ఒళ్ళు, ఇదే రొప్పు, ఇవే వేళ్ళు. తేడా ఏమిటా అని ఆలోచిస్తూ ఎళనీరు తాగింది. అంత తియ్యగా ఆమె ఎప్పుడూ ఏదీ తాగలేదు. తేడా తెలిసింది. కాదు ఇది బీపీ అని చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆ నోరు మూసుకోవడం దగ్గరే అంతా మొదలైంది.

చెన్నయ్య ముహూర్తం పెట్టినట్టు చెప్పాడు. శుక్రవారం సాయంత్రాలు అమ్మ వస్తుంది, నళినిని పీట మీద కూర్చోబెట్టాలి, ఆ రోజు ఆమె పొయ్యి ముట్టకూడదు, ఆమెను గట్టిగా ఒక్క మాట అనకూడదు. ఇక చూడండి ఆ ఇంట్లో వైభోగం. శుక్రవారం పొద్దున నాగరాజే సంగటి కెలికేవాడు. అందులో గడ్డలు గోలీకాయల్లాగా తగిలేవి. పిల్లమ్మ కిక్కురుమనకుండా ఒక్కొక్కటే మింగేది. ఫ్యాక్టరీ నుంచి రాగానే నళినికి వేడినీళ్ళు, కడిగిన చీర, పాలు. పీట మీద గోడకానుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఎవరూ "కూచున్నావేమే" అనేవాళ్ళు కాదు. జనం కష్టాలు చెప్పుకోవడానికి వచ్చేవాళ్ళు. కర్పూరం వెలిగించి చెన్నయ్య తమటె కొట్టించేవాడు. మొదట్లో ఆ మోతకూ పొగకూ ఊపిరి దానంతటదే పట్టేసేది. తర్వాత్తర్వాత రాకపోతే ఆమే తెచ్చుకునేది. గబగబా నాలుగు రొప్పులు రొప్పితే చాలు, వేళ్ళు ముడుచుకుంటాయని ఆమెకు తెలిసిపోయింది. ఒకరోజు కూతురు జడ వేయించుకుంటూ, "అమ్మా, నీకు నిజంగా వస్తాదా?" అని అడిగింది. "తల తిప్పకు" అంది నళిని.

మాత్రల సంగతి పిల్లమ్మ కనిపెట్టింది. బియ్యం డబ్బా వెనక్కి చెయ్యి పోనిచ్చి తీసి, "అమ్మ తిరిగే ఒళ్ళు ఇది. ఇంగ్లీషు మందులు పడకూడదు" అని బయట చెత్తలో వేసింది. నళిని కావాలంటే ఆపగలిగేది. మళ్ళీ కొనుక్కోగలిగేది. ఎన్నో రోజులు ఆమె ఆ విషయమే తలలో తిప్పుకుంది. మాత్ర వేసుకుంటే తాను రోగిష్టిది. రోగిష్టిదానికి ఆ ఇంట్లో ఏం దొరుకుతుందో చూసింది. మాత్ర లేకపోతే తాను తల్లి. తలనొప్పి వచ్చినా ఓర్చుకోవచ్చు, ఓర్చుకోవడం కొత్త కాదు. వారానికి ఒక్క సాయంత్రం, ఒక్క సాయంత్రం కూర్చోవడానికి ఇంత ఖరీదు పెట్టాలని ఆమెకు తెలియక కాదు. అంత అలిసిపోయి ఉంది. అలిసిపోయిన మనిషి బేరం చెయ్యలేదండీ.

ఫ్యాక్టరీకి కూడా కబురు పాకింది. నవీన్ వాళ్ళమ్మ ఒక శుక్రవారం వచ్చి నిమ్మకాయ తీసుకుపోయింది. సోమవారం నుంచి నవీన్ గొంతు మారింది. "అమ్మా, నిధానంగా కుట్టండి, తొందర ఏనూ ఇల్లా" అంటాడు, ఫరవాలేదని. బాత్రూముకు లేస్తే దారి ఇస్తాడు. అమ్మవారి మీద కోపం చూపించలేడు, బోర్డు మీద అంకె తగ్గించలేడు. నళిని ముందున్న కాలర్ల కట్టల్లో కొన్ని తీసి పక్క మిషను మీద పడేసేవాడు. పక్క మిషను గంగరత్నది. కట్టలు పడిన ప్రతిసారీ ఆమె నళిని వైపు చూసి నవ్వేది. రాను రాను ఆ నవ్వు కళ్ళ దాకా వచ్చేది కాదు. నళిని చూసింది. చూసి తల వంచుకుని కుట్టుకుంది.

తర్వాత ఒక శుక్రవారం జనంలో గంగరత్న కనబడింది. వెంట మొగుడు రామాంజినప్ప, మేస్త్రీ పని చేస్తాడు, చేతులకు సిమెంటు ఇంకా ఉంది. గంగరత్న వచ్చి పీట ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళ కింద నలుపు. క్లినిక్‌కు తీసుకుపోయిన మనిషి. బీపీ అని తనతో పాటు విన్న మనిషి. ఈమె కూడా నమ్మేసిందా?

"తలకాయ పగిలిపోతాదంటుంది, కండ్లు మసక అంటుంది" అన్నాడు రామాంజినప్ప. "ఆస్పత్రి ఆస్పత్రి అని ఒకటే పోరు. ఆడోళ్ళకి తలనొప్పి ఉండేదే గదమ్మా. నువ్వు ఏం చెప్తే అది."

గంగరత్న నళిని కళ్ళలోకి చూస్తూ కూర్చుంది. ఆ చూపు తప్పించుకోవడానికి నళిని ఇంకా గట్టిగా ఊగింది. 'ఆస్పత్రికి పొండి' అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? అమ్మే ఆస్పత్రికి పొమ్మంటే, అమ్మ పూనిన ఒంటికి ఇదివరకు డాక్టరు ఏం చెప్పిందని ఎవరో ఒకరు అడుగుతారు. అత్త చూస్తోంది. నాగరాజ్ చూస్తున్నాడు. రేపటి నుంచి మళ్ళీ "ఏయ్, కూచున్నావేమే."

"గాలి సోకింది" అంది నళిని అమ్మవారి గొంతుతో. "నిమ్మకాయ దీపం పెట్టు."

"ఇంగ్లీషు మందులు ఏమన్నా ఉంటే నిలిపేయాల" అని చెన్నయ్య తన మాట చేర్చాడు. నళిని కాదనలేదు. గంగరత్న ఇంకా ఒక క్షణం ఆమె మొహంలోకి చూసింది. తర్వాత మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచింది. రామాంజినప్ప మొహం మాత్రం తేటపడింది.

కొన్ని రోజులకే జరిగింది. భోజనాలయ్యాక మిషన్లు మొదలయ్యాయి. పక్కనించి కుట్టు చప్పుడు ఆగకుండా రావడం విని నళిని తల తిప్పింది. గంగరత్న కాలు పెడలు మీద అలాగే ఉంది. మిషను పరుగెడుతోంది, సూది కాలరు దాటిపోయి, గుడ్డంతా ముద్దగా చుట్టుకుపోతోంది. గంగరత్న దాన్ని చూస్తోంది గానీ చెయ్యి లేవడం లేదు. నోరు ఒక పక్కకు జారింది. ఏదో చెప్పబోతే మాట కాకుండా చొంగ వచ్చింది.

"గంగరత్నా!" అని నళిని అరిచిన గొంతు అమ్మవారిది కాదు. లైనంతా లేచింది. ఎవరి చెయ్యీ కుట్టలేదు. బోర్డు మీద ఆ గంట ఖాళీగా ఉండిపోయింది.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి దక్కలేదు. పెద్దాసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారని తెలిసి, ఒక ఆదివారం నళిని చూడ్డానికి వెళ్ళింది. ఒక్క గది. మంచం మీద దిండుకు ఆనించిన గంగరత్న. పక్కన స్టూలు మీద గంజి గిన్నె, రామాంజినప్ప చెంచాతో పట్టిస్తున్నాడు. నళినిని చూసి లేచి చేతులు జోడించాడు.

"అమ్మ చెప్పినట్లే చేస్తిమి గదమ్మా. నిమ్మకాయ దీపం పెడ్తిమి. ఆస్పత్రి జోలికే పోలేదు. అయినా యాల ఇట్లాయ? మావల్ల ఏం తప్పయిందో శుక్రవారం కొంచెం అడిగి చెప్పమ్మా."

నళిని మంచం అంచు మీద కూర్చుంది. అతను టీ తెస్తానని ఫ్లాస్కు పట్టుకుని బయటికి వెళ్ళాడు. నళిని గంగరత్న ఎడమచెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"గంగరత్నా, నాకు అమ్మ రాలేదు. ఏ పొద్దూ రాలేదు. అది బీపీ. నేను అబద్ధం ఆడితి. నీకు చెప్పిందీ అబద్ధమే. నన్ను నమ్మి నువ్వు..."

"నేను యాడ నమ్మితి?" అంది గంగరత్న. మాట ఒక పక్కనించి, రాయి దొర్లించినట్టు, మెల్లగా వచ్చింది. "క్లినిక్‌కు పిల్చుకోని పోయింది నేనే గదక్కా. నాకు తెలీదా?"

"మరి యాల వస్తివి?"

గంగరత్న ఊపిరి తీసుకుంది. "నా మాట ఆయప్ప ఇనడు. డాక్టరమ్మ మాట అన్నా ఇనడు. అమ్మ మాట ఇంటాడు. ఆస్పత్రికి పిల్చుకోని పో అని నువ్వు అంటావని వస్తి. ఎట్లాగూ ఆ నోరు నీదే గదా, నా కోసరం ఒక్క మాట అంటావులే అనుకుంటి."

నిష్ఠూరంగా అనలేదు. బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు చెప్పింది. నళినికి ఆ శుక్రవారం నాటి చూపు గుర్తొచ్చింది. అది దండం పెట్టే చూపు కాదు. అడిగే చూపు. ఇద్దరికే తెలిసిన అబద్ధాన్ని ఒక్కసారి తన కోసం వాడమని అడిగిన చూపు. అమ్మవారు కాకపోయినా తన దగ్గర ఒక నోరు ఉంది, మొగవాళ్ళు వినే నోరు, బతుకులో మొదటిసారి దొరికింది. ఆ నోటితో ఆమె నిమ్మకాయ అంది. ఆ పూట ఆమె ఏడవలేదు. ఏడిస్తే గంగరత్న తనను ఓదార్చాల్సి వస్తుందని, అది మరీ అన్యాయమని ఊరుకుంది. మిగిలిన గంజి చెంచాతో పట్టించి, మూతి తుడిచి వచ్చింది.

శుక్రవారం వచ్చింది. వేడినీళ్ళు, చీర, పాలు, అన్నీ వచ్చాయి. నళిని వెళ్ళి పీట మీద కూర్చుంది. ఏం చెయ్యబోతోందో ఆమెకే సరిగ్గా తెలియదు. గంగరత్నకు అనని మాట ఇంకొకరికి అమ్మ గొంతుతో అనేస్తే సరిపోతుందా అని ఒక ఆలోచన. సరిపోతుంది, ఆ ఒక్కరికీ సరిపోతుంది. కానీ ఆ మొగుళ్ళు, ఆ అత్తలు అమ్మ మాటే విన్నట్టు అవుతుంది, పెళ్ళాం మాట, కోడలి మాట ఎప్పటికీ వినక్కర్లేదు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు నేల మీద పడి ఊగితే తప్ప కూర్చోవడానికి లేదు.

కుందలహళ్ళి నుంచి కారులో ఒక పెద్దావిడ కోడల్ని తీసుకొచ్చింది. కోడలు సన్నగా ఉంది. మెడలో ఆఫీసు ట్యాగు ఇంకా తియ్యలేదు. చేతిలో ఫోను మోగుతోంది, ఆపుతోంది, మళ్ళీ మోగుతోంది.

"మా కోడలమ్మా" అంది పెద్దావిడ. "నిద్ర పట్టదంటుంది, ఊరికే ఏడుస్తుంది, గుండెదడ అంటుంది. మంచి ఉద్యోగం, మంచి మొగుడు, ఏం తక్కువండీ దీనికి? ఏ గాలి సోకిందో మీరే చెప్పాలి."

కర్పూరం వెలిగింది. తమటె మోగింది. జనం అమ్మవారి రొప్పు కోసం చూస్తున్నారు. నళిని రొప్పలేదు. ముందుకు వంగి ఆ పిల్ల మొహంలోకి చూసింది.

"నీ పేరేమిమ్మా?"

చెన్నయ్య ఉలిక్కిపడ్డాడు. అమ్మవారు ఎవరినీ పేరు అడగదు. ఆమెకు అన్నీ తెలుసు కదా.

"వర్షిణి" అంది ఆ పిల్ల.

"నా పేరు నళిని. కాలరు కుట్టేదాన్ని."

తమటె ఆగిపోయింది. "అమ్మ మనల్ని పరీక్ష చేస్తాండాది" అన్నాడు చెన్నయ్య జనం వైపు తిరిగి.

"అమ్మ కాదు మామా, నేనే" అంది నళిని. "నాకు అమ్మ రాలేదు. నాకు బీపీ ఉండాది. టెన్షన్ ఎక్కువై ఊపిరి పట్టుకుంటే చేతులు ఇట్ల అవుతాయి, అంతే. కొంచెం సేపు కూచుంటాను అంటే ఈ ఇంట్లో ఎవురూ వదల్లేదు. అమ్మంటే వదిలినారు. దానికోసరం ఊరికే ఉంటి. నేను ఊరికే ఉన్నందుకు గంగరత్న చెయ్యి పడిపోయింది."

"ఏయ్ నళినీ!" పిల్లమ్మ చేతిలో హారతిపళ్ళెం గల్లుమని నేల తాకింది. "నోరు ముయ్యే! ఊర్లో తలెత్తుకోని తిరగల్లా వద్దా?" నాగరాజ్ జనంలోంచి లేచి, ఎటు పోవాలో తెలియక, గడప దగ్గర నిలబడిపోయాడు. ఒక్కొక్కరే లేస్తున్నారు. ఒకామె తాను తెచ్చిన గాజులు వెనక్కి తీసుకుంది. నళినికి ఆ "ఏయ్" వినగానే తెలిసింది, వచ్చే శుక్రవారం పాలు ఉండవు, వేడినీళ్ళు ఉండవు, ఇక ఆ ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఉంటారో ఉండరో కూడా తెలియదు. భయమేసింది. గుండె పరుగెత్తడం మొదలైంది, నిజంగానే. ఆమె గంగరత్న నేర్పినట్టు మెల్లగా ఊపిరి తీసుకుంది.

పెద్దావిడ కోడలి మోచెయ్యి పట్టుకుని లాగుతోంది. "పద పద, వట్టి మోసం." వర్షిణి లేవలేదు.

"నీకు ఉండేది ఏమో నాకు తెలీదమ్మా" అంది నళిని ఆమెతో. "చూపించుకోవాల. నేనూ చూపించుకోవాల. మాత్రలు మానేసి చానా రోజులాయ. రోడ్డవతల ఒక డాక్టరమ్మ ఉండాది, మంచిగ మాట్లాడుతాది. ఈసారి ఒక్కదాన్నే పోవాలంటే నాకు భయంగా ఉండాది. రేపు నాతో వస్తావా?"

వర్షిణి చేతిలో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఆమె దాన్ని చూడలేదు.

"ఎన్నింటికి రమ్మంటారు?" అంది.

అదీ అండీ కథ. ఇంతసేపు విన్నారు, సంతోషం. ఒక్క మాట అడుగుతాను. దీన్ని మీ ఇంట్లో ఆడవాళ్ళకు పంపకండి, వాళ్ళకు ఇది తెలుసు, వినే తీరిక కూడా ఉండదు. మీ తమ్ముడికి పంపండి, అల్లుడికి పంపండి, పొద్దున్నే గుడ్‌మార్నింగ్ బొమ్మలు పెట్టే స్నేహితులకు పంపండి. కింద ఒక్క ముక్క రాయండి, ఆమెను ఒకసారి బీపీ చూపించడానికి తీసుకెళ్ళు నాయనా అని. ఉంటాను మరి, ఎవరో తలుపు కొడుతున్నారు.